బొగ్గు వాటాలు, ఉదజని వాటాలు

హైదరాబాదు రాజ్యమున బొగ్గు దొరకిన కథ యొకటి కలదు; ఆ బొగ్గుపేర కాగితములు అమ్ముడుపోయిన కథ మరియొకటి కలదు. మొదటి కథను మన పిల్లలు బడిలో చదువుకొందురు. రెండవ కథను మాత్రము మనవారు చాలవరకు మరచిపోయినారు. నేటి ప్రసంగమున నేను రెండవ కథను చెప్పదలచితిని. ఏలయన నూట నలువది యేండ్లు గడచిన పిమ్మట అట్టి కథయే ఉదజనిపేర మరల మన వీథులలో నడచుచున్నది.

ఉదజని యనగా హైడ్రోజను. ఎండనుండి విద్యుత్తును తీసి, ఆ విద్యుత్తుతో నీటిని విడదీసి, అందుండి వచ్చిన ఉదజనిని ఇంధనముగా వాడుకొను పద్ధతియొకటి కలదు. ఆ ఉదజనిని గాలిలోని ప్రాణవాయువుతో మెల్లగా కలిపి, మంటలేకుండ మరల విద్యుత్తును పుట్టించు యంత్రమునకు ఇంధన ఘటమని పేరు. ఫ్యూయల్ సెల్ అని వాడుక. ఈ రెండు పేర్లతోను దేశదేశములలో కంపెనీలు వెలసినవి. వానిలో కొన్నిటి వాటాలు రూపాయి, రెండు రూపాయలు, అమెరికాలోనైన కొన్ని సెంట్లు మాత్రమే పలుకును. వీనినే బజారులో పెన్నీ స్టాకులందురు.

నేను రామంతాపూరు నివాసిని, చరిత్ర చదువుకొన్నవాడను. మా పేటలో ఉద్యోగవిరమణ చేసిన గుమాస్తాలు, ఉపాధ్యాయులు, చిన్న వర్తకులు పెక్కుమంది యున్నారు. జీవితమంతయు కూడబెట్టిన భవిష్యనిధి వారి చేతికి ఒక్కమారుగా వచ్చును. ఆ సమయముననే చేతిలోని ఫోనునకు ఒక సందేశము వచ్చును: ఫలానా కంపెనీ సౌర ఉదజనిని తయారుచేయబోవుచున్నది, నేడు రెండు రూపాయలు, రెండేండ్లలో రెండువందలు. ఇది నిజమా యని ఇరుగుపొరుగువారు నన్నడుగుచుందురు. ఆ ప్రశ్నలో రెండు ప్రశ్నలున్నవి. ఉదజని నిజమా యనునది యొకటి. ఆ వాటా నిజమా యనునది రెండవది. వీనిని వేరుచేసి చూచుటకు మన రాజ్యపు బొగ్గు చరిత్రకంటె మంచి పాఠము నాకు కనబడలేదు.

1871లో భారత భూగర్భపరిశోధన శాఖకు చెందిన డాక్టరు కింగు అను శాస్త్రజ్ఞుడు, నేటి భద్రాద్రి కొత్తగూడెము జిల్లాలోని ఇల్లెందు సమీపమున బొగ్గును కనుగొనెను. సింగరేణి గ్రామము పేరు ఆ బొగ్గునకు నిలిచినది. బొగ్గు దొరకినంత మాత్రమున ధనము చేతికి రాదు. దానిని పైకి తీయవలెను, మోసికొని పోవలెను. రైలుదారి లేనిదే ఆ గని పనికిరాదు. రైలుదారి వేయుటకు పెట్టుబడి కావలెను. ఆ పెట్టుబడి లండనులో నుండెను.

కావున సాలారుజంగు కాలపు చివరిదినములలోనే రైలు, గనుల హక్కులను గూర్చిన బేరసారములు లండనులో నారంభమయ్యెను. 1883లో చాందా రైలు పథకమను పేర నొక యేర్పాటు బయటికి వచ్చినపుడు హైదరాబాదు నగరములోని విద్యావంతులు కొందరు కూడి, ఈ పథకపు షరతులేమి, రాజ్యపు బొక్కసముపై పడు భారమెంత, దీనిని ప్రజలకు తెలియజేయవలెనని కోరిరి. వారిలో అఘోరనాథ చట్టోపాధ్యాయుడు ముఖ్యుడు. సరోజినీదేవికి తండ్రియు, నగరమున ఉన్నతవిద్యకు పునాది వేసినవారిలో నొకరును అయిన ఆ పండితుని, లెక్క చూపుడని యడిగినందులకు, ప్రభుత్వము ఉద్యోగమునుండి తొలగించి రాజ్యమునుండి వెడలగొట్టెను. ఆయనను కొంతకాలమునకు మరల రప్పించిరి. మన నగరమున పెట్టుబడుల లెక్క బహిరంగపరుపుడని ప్రజలు చేసిన తొలి ఆందోళనలలో నిదియొకటి. దానికి దొరకిన సమాధానము బహిష్కారము.

ఇక 1886వ సంవత్సరము వచ్చినది. ఆ యేట నిజాము ప్రభుత్వము రాజ్యములోని గనుల హక్కులను తొంబదితొమ్మిది యేండ్లకు వాట్సను, స్టీవర్టు అను ఇరువురు ఇంగ్లీషువారికి ఇచ్చెను. వారు ఆ హక్కుపత్రమును తీసికొనిపోయి లండనులో హైదరాబాదు దక్కను కంపెనీ యను సంఘమును స్థాపించిరి. మూలధనము పది లక్షల పౌనులని ప్రకటించిరి. దానిని పది పౌనుల చొప్పున లక్ష వాటాలుగా విభజించిరి. వినుటకు గొప్పగా నున్నది. పది లక్షల పౌనులతో ఎన్ని గనులు త్రవ్వవచ్చును, ఎన్ని యంత్రములు తేవచ్చును!

కాని ఆ లక్ష వాటాలలో 85,000 వాటాలను, పూర్తిగా సొమ్ము చెల్లింపబడిన వాటాలుగా, హక్కు సంపాదించిన పెద్దమనుష్యులే తమకు కేటాయించుకొనిరి. దానికి వారు తెచ్చిన మూల్యము ఆ హక్కుపత్రమే. సొమ్ము పుచ్చుకొని బయటివారికి అమ్మినవి 15,000 వాటాలు మాత్రమే. అనగా కాగితముపై నున్న పది లక్షలలో గనికి చేరదగిన నగదు లక్షన్నరకు మించదు. తక్కిన యెనిమిదిన్నర లక్షలు సిరా.

ఇంతటితో కథ ముగియలేదు. ఈ బేరమును నడపినవారిలో రాజ్యపు హోము కార్యదర్శియైన సర్దారు దిలేరుజంగు, అనగా అబ్దుల్ హక్కు, ప్రముఖుడు. రాజ్యమునకు కూడ ఈ కంపెనీలో వాటాలుండుట మంచిదను తలంపుతో నిజాము ప్రభుత్వపు సొమ్ముతో ముఖవిలువకంటె హెచ్చు ధరకు వాటాలు కొనబడెను. బజారులో కొన్నట్లు చూపబడిన ఆ వాటాలు నిజమునకు కంపెనీ పుట్టించినవారి మూటలోనివే యనియు, ఆ మూటలో దిలేరుజంగునకే పెద్ద భాగముండెననియు పిమ్మట బయల్పడెను. ప్రభుత్వము కొనుచున్నదను వార్తయే బజారులో ధర నిలుపుటకు తోడ్పడెను. లండను పత్రికలలో గగ్గోలు పుట్టెను. 1888లో బ్రిటిషు పార్లమెంటు ఈ సంగతి విచారించుటకు ప్రత్యేకముగా నొక సంఘమును నియమించెను. నిజాము ప్రభుత్వపు పక్షమున మెహదీ హసను, ఫతేనవాజుజంగు అను బిరుదు గలవాడు, లండనునకు వెళ్లెను. దిలేరుజంగు పదవి పోయెను.

ఇపుడు బొగ్గు సంగతి చూడుడు. పార్లమెంటు విచారణ జరిగిన మరుసటి యేడే, 1889లో, సింగరేణి గనినుండి బొగ్గు పైకి రాసాగెను. ఆ యేటనే నిజాము రైలు బెజవాడవరకు సాగెను. 1920 డిసెంబరులో సింగరేణి కాలరీసు కంపెనీ యేర్పడి పాత దక్కను కంపెనీ ఆస్తులను, అప్పులను తీసికొనెను. 1945లో హైదరాబాదు ప్రభుత్వము అందలి వాటాలలో అధికభాగమును కొనెను. ఇపుడది తెలంగాణ రాష్ట్రప్రభుత్వమునకు 51, కేంద్రప్రభుత్వమునకు 49 పాళ్లున్న సంస్థ. బొగ్గుతోపాటు సౌరవిద్యుత్కేంద్రములను కూడ నడుపుచున్నది. నూరేండ్లకు పైగా ఆ బొగ్గుతో రైళ్లు నడచినవి, దీపములు వెలిగినవి, వేలకొలది కుటుంబములు బ్రదికినవి.

కావున కింగుగారు చెప్పినది అక్షరాల నిజము. బొగ్గు కలదు, విస్తారముగా కలదు. అయినను 1886లో ఆ బొగ్గుపేర అమ్మిన వాటాలో మోసము కలదు. ఈ రెండును ఒకేసారి నిజము కావచ్చునను సంగతియే నేను చెప్పవలసిన ముఖ్యవిషయము. వస్తువు నిజమైనదని ఋజువైనంత మాత్రమున దానిపేర అమ్ము వాటా మంచిదని ఋజువు కాదు. వాటాలమ్మువాడు ఎల్లప్పుడు మొదటిదానికి ప్రమాణములు చూపును; కొనువాడు రెండవదానికి ప్రమాణములు చూచితినని భ్రమపడును.

ఉదజని విషయమున మొదటి ప్రమాణములకు కొదువలేదు. 1766లో కావెండిషు ఈ వాయువును ప్రత్యేకపదార్థముగా గుర్తించెను. 1800లో నికల్సను, కార్లైలు అనువారు విద్యుత్తుతో నీటిని విడదీసిరి. 1839 మొదలు 1842 వఱకు విలియం గ్రోవు చేసిన ప్రయోగములతో ఇంధన ఘటము పుట్టెను. 1874లో ఫ్రెంచి నవలాకారుడు జూల్స్ వెర్న్ తన నవల యొకదానిలో, ముందుకాలమున నీరే బొగ్గు కాగలదని ఒక పాత్రచేత పలికించెను. 1923లో జే. బీ. ఎస్. హాల్డేను కేంబ్రిడ్జిలో ప్రసంగించుచు, గాలిమరల విద్యుత్తుతో ఉదజనిని తీసి నిలువచేయు కాలము వచ్చునని చెప్పెను. ఆ హాల్డేనే పిమ్మట మన దేశమునకు వచ్చి భువనేశ్వరమున తనువు చాలించెను. 1960ల నడుమ అమెరికావారి జెమిని, పిమ్మట అపోలో వ్యోమనౌకలలో ఇంధన ఘటములు విద్యుత్తు నిచ్చెను. 1972లో ఫుజిషిమ, హోండా అను జపాను శాస్త్రజ్ఞులు, వెలుతురు పడిన టైటానియము ఆక్సైడు నీటిని విడదీయగలదని ప్రకటించిరి. సౌర ఉదజని పరిశోధన కది మూలము.

మన ప్రాంతమునకు కూడ ఉదజని కొత్తది కాదు. రామగుండమున 1980లో ఉత్పత్తి కారంభించిన ఎరువుల కర్మాగారము, గోదావరీతీరపు బొగ్గునే వాయువుగా మార్చి, అందుండి ఉదజనిని తీసి, అమ్మోనియా తయారుచేసెను. 1999లో అది మూతపడెను. 2021లో అచటనే సహజవాయువుతో నడచు కొత్త కర్మాగారము పని కారంభించెను. రైతు పొలములో చల్లు యూరియా వెనుక ఉదజని యున్నదని మనవారికి తెలియకపోయినను, ఆ ఉదజని ఏనాటినుండియో మన అన్నములో కలిసియే యున్నది.

ఇక లెక్క చూతము. ఒక కిలో ఉదజనిని నీటినుండి తీయుటకు సుమారు తొమ్మిది లీటర్ల నీరును, యాబది మొదలు యాబదియైదు యూనిట్ల విద్యుత్తును కావలెను. ఆ కిలోను ఇంధన ఘటములో వాడిన, పదునారు పదునెనిమిది యూనిట్లు తిరిగి వచ్చును. అనగా మూడు రూపాయల విద్యుత్తు పెట్టి ఒక రూపాయి విద్యుత్తు తీసికొనుట. దాని నడుమ వాయువును అణచి నిలువచేయు ఖర్చు వేరు. బ్యాటరీలో పెట్టిన విద్యుత్తు నూటికి ఎనుబదిపాళ్లకు పైగా తిరిగి వచ్చును. కావున బ్యాటరీ పనికివచ్చు చోట ఉదజని ఓడిపోవును. ఎరువులు, ఉక్కు, నూనె శుద్ధి మొదలగు పనులలో, ఉదజనియే ముడిసరకుగా కావలసిన చోట, దానికి నిజమైన స్థానము కలదు. ఈ లెక్క రహస్యము కాదు; రసాయనశాస్త్రము చదువుకొన్న విద్యార్థి యెవడైనను చెప్పగలడు. అయినను వాటాలమ్ము ప్రకటనలలో ఇది కానరాదు.

ఈ వాటాలకు కూడ చరిత్ర కలదు. అమెరికాలో ప్లగ్ పవర్ అను ఇంధన ఘటముల కంపెనీ 1999 అక్టోబరులో ఒక్కొక్కటి 15 డాలర్ల చొప్పున వాటాలమ్మెను. కొన్ని నెలలకే, 2000 ఆరంభమున, అది 150 డాలర్ల ప్రాంతమునకు పోయెను. కెనడాలోని బాలార్డు కంపెనీ వాటా కూడ ఆ వేసవికి ముందు నూరు డాలర్లు దాటెను. కారు కొనువారందరును త్వరలో ఇంధన ఘటపు కార్లనే కొందురని జనులు నమ్మిరి. 2008 వచ్చునప్పటికి బాలార్డు కంపెనీ తన కార్ల విభాగమును డెయిమ్లరు, ఫోర్డు కంపెనీలకు అప్పగించి తప్పుకొనెను. ప్లగ్ పవర్ 2011లో పది పాతవాటాలను కలిపి ఒక వాటా చేసెను. అటు చేసినను 2013 ఆరంభమున ఆ వాటా ఇరువది సెంట్లకంటె దిగువకు పడెను. 2021 జనవరిలో మరల 70 డాలర్లు దాటెను. 2025లో మరల ఒక డాలరుకంటె దిగువకు వచ్చెను. ఈ ఇరువదియైదేండ్లలో కంపెనీ యంత్రములు చేయుట మానలేదు. గిడ్డంగులలో సరకు మోయు బండ్లకు ఆ ఘటములు పనిచేయుచునే యున్నవి. మారినది యంత్రము కాదు, జనుల ఆశ.

కాలిఫోర్నియాలో 2009లో పుట్టిన హైపర్‌సోలార్ అను కంపెనీ, 2020లో సన్‌హైడ్రోజన్ అని పేరు మార్చుకొన్నది. వెలుతురుతో నేరుగా నీటిని విడదీయు పదార్థములపై అది పరిశోధన చేయించుచు వచ్చినది. అమ్మకపు ఆదాయము లేని సంస్థకు పరిశోధన ఖర్చులు ఎచటనుండి రావలెను? కొత్త వాటాలమ్ముటవలననే. అందుచేత దాని వాటాలు అయిదువందల కోట్లను మించినవి. ధర సెంట్లలో నిలిచినది. ఇందు మోసమున్నదని నేనను లేదు. కాని ఒక విషయము గమనింపుడు. పాయసము పలుచనైనకొలది గిన్నెలు పెరుగును, బియ్యము పెరుగదు. కొత్త వాటా పుట్టినపుడెల్ల పాతవాని భాగము తరుగుచుండును. 1886లో 85,000 వాటాలు ఒక్కమారుగా పుట్టినవి. నేడవి మెల్లమెల్లగా పుట్టును. భేదమంతే.

మోసము కూడ లేకపోలేదు. నికోలా యను అమెరికా కంపెనీ ఉదజనితో నడచు లారీలు చేయుదునని చెప్పి 2020 జూనులో బజారునకు వచ్చెను. కొన్నిదినములపాటు దాని విలువ ఫోర్డు కంపెనీ విలువను మించెను. లారీ రాజమార్గముపై పరుగెత్తుచున్నట్లు ఆ కంపెనీ 2018లో చూపిన చలనచిత్రములో, ఆ బండి తన శక్తితో నడవలేదనియు, వాలుగానున్న రోడ్డుపై దానంతట దొర్లినదనియు 2020 సెప్టెంబరులో బయటపడెను. 2022 అక్టోబరులో న్యూయార్కు జూరీ దాని స్థాపకుని దోషిగా నిర్ణయించెను. 2025 ఫిబ్రవరిలో కంపెనీ దివాలా దరఖాస్తు పెట్టెను. 2025 మార్చిలో అధ్యక్షుడు స్థాపకునికి క్షమాభిక్ష యొసగెను. వాటాలు కొన్నవారి సొమ్మును తిరిగి యిచ్చు క్షమాభిక్ష ఏదియు లేదు.

మన నగరపు సంగతికి వత్తము. హైదరాబాదు స్టాక్ ఎక్స్ఛేంజి 1943 నవంబరులో నిజాము ప్రభుత్వపు చట్టము క్రింద ప్రారంభమయ్యెను. పరిశ్రమలకు పెట్టుబడి కూర్చుట దాని ఉద్దేశము. 1990ల ప్రథమార్ధమున తెలుగునాట కూడ కొత్త వాటాల వెల్లువ వచ్చెను. నెల్లూరు, కృష్ణా, గోదావరి తీరములలో రొయ్యల చెరువుల కంపెనీలు పది రూపాయల వాటాలను విరివిగా జారీ చేసెను. రొయ్య నిజమే, విదేశములలో గిరాకియు నిజమే. చెరువులలో తెగులు ప్రవేశించెను. 1996 డిసెంబరులో తీరప్రాంతపు చెరువులపై సుప్రీం కోర్టు తీర్పు వచ్చెను. వాటా పత్రములు బీరువాలలో మిగిలిపోయెను. రొయ్యల సాగు పిమ్మట మరల పుంజుకొని నేడు ఆంధ్రదేశమునకు కోట్ల ఆదాయము తెచ్చుచున్నది. ఆ పాత పత్రములకు మాత్రము ప్రాణము రాలేదు. హైదరాబాదు ఎక్స్ఛేంజియే 2007లో గుర్తింపు కోల్పోయెను.

సౌర, వాయు విద్యుత్తుల సంగతియు చూడదగినది. సుజ్లాన్ అను గాలిమరల కంపెనీ 2005లో 510 రూపాయల చొప్పున వాటాలమ్మెను. 2008లో ఒక్కొక్క వాటాను అయిదు ముక్కలు చేసిరి. అనగా తొలుత కొన్నవానికి ముక్క యొక్కంటికి 102 రూపాయలు పడినట్లు. 2020 మార్చిలో ఆ ముక్క రెండు రూపాయలకంటె దిగువకు పోయెను. 2024 సెప్టెంబరులో 80 రూపాయలు దాటెను. రెండు రూపాయలకు కొన్నవాని కథను మా వీథిలో అందరు చెప్పుకొందురు. తొలుత కొన్నవాడు పందొమ్మిదేండ్లు ఓపికపట్టి 80 రూపాయలు చూచినను అసలు చేతికి రాలేదను కథను ఎవరును చెప్పరు. గెలిచినవాడు బజారులో మాటలాడును. ఓడినవాడు ఇంటిలో మౌనముగా నుండును. అందుచేత మన చెవిని పడు కథలలో గెలుపే యెక్కువ.

2023 మార్చిలో సెక్యూరిటీల నియంత్రణ మండలి, అనగా సెబీ, రెండు చిన్న కంపెనీల వాటాల విషయమున ఉత్తరువు లిచ్చెను. యూట్యూబులో అబద్ధపు వార్తలు చెప్పి ధరను పెంచి, చిన్న మదుపుదారులు ఎగబడి కొనుచుండగా తమ వాటాలను వారికే అమ్మివేసిరను ఆరోపణ అందలి సారాంశము. 2025 ఏప్రిలులో అదే మండలి, సౌరవిద్యుత్పనులు చేయు జెన్సోల్ కంపెనీ ప్రమోటర్లను బజారునుండి నిషేధించుచు మధ్యంతర ఉత్తరువు చేసెను. విద్యుత్కార్లు కొనుటకై తెచ్చిన అప్పు వేరుదారి పట్టినదని ఆ ఉత్తరువులోని అభియోగము. ఎండయు నిజమే, విద్యుత్కారును నిజమే.

రెండు రూపాయల వాటా చవుక యను భ్రమను కూడ తొలగించుకొనవలెను. వాటా ధర యొక్కటియే ఏమియు తెలుపదు. రెండు రూపాయల వాటాలు వేయి కోట్లుండిన ఆ కంపెనీ విలువ రెండువేల కోట్లు. అంత విలువకు తగిన గని, యంత్రము, అమ్మకము ఉన్నవా యని చూడవలెను. మరియు నిట్టి వాటాలలో ధర పడునపుడు ఎక్స్ఛేంజి విధించిన దినపు హద్దు వద్ద వ్యాపారము స్తంభించును. దానిని లోయర్ సర్క్యూట్ అందురు. అమ్మువారే కాని కొనువా రుండరు. ఫోనులో ధర కనబడుచునే యుండును, సొమ్ము చేతికి రాదు. కూతురి పెండ్లికనియో, ఆసుపత్రికనియో ఉంచుకొన్న ధనము అటు చిక్కుకొన్న కుటుంబము బాధ వర్ణింపనలవి కాదు.

ఇంత చెప్పితిని గనుక, కొత్త శాస్త్రమునకు పెట్టుబడి పెట్టరాదని నా అభిప్రాయమా యని కొందరడుగవచ్చును. కాదు. ఎవరో యొకరు సాహసింపనిదే సింగరేణి గని తెరువబడదు. కాని సాహసమునకు తగిన భుజములు వేరు. 2023 జనవరిలో కేంద్రప్రభుత్వము హరిత ఉదజని పథకమునకు 19,744 కోట్ల రూపాయలు కేటాయించి, 2030 నాటికి ఏట యాబది లక్షల టన్నులు తయారుచేయవలెనని నిశ్చయించినది. 2025 జనవరిలో అనకాపల్లి జిల్లా పూడిమడకలో ఉదజని కేంద్రమునకు శంకుస్థాపన జరిగినది. మా రామంతాపూరునకు దగ్గరలోనే, తార్నాకలో, 1944లో నిజాము ప్రభుత్వపు ప్రయోగశాలగా మొదలైన భారత రసాయన సాంకేతిక సంస్థలో సౌరఘటములపై పరిశోధన జరుగుచున్నది. నగరపు మరియొక కొననున్న బీ. హెచ్. ఈ. ఎల్. పరిశోధనశాలలో ఇంధన ఘటములపై పనిచేసిరి. ఈ పనులన్నియు పన్నుల రూపమున మనమందరము భరించుచున్నవే. దేశము నష్టపోయిన పదిమంది పంచుకొందురు. ఉద్యోగవిరమణ చేసిన గుమాస్తా నష్టపోయిన ఒక్కడే భరించును.

ఉస్మానియా ప్రాంగణములోని విద్యార్థులకు కూడ ఒక మాట. వారిలో పలువురు ఉపకారవేతనమునో, ఇంటినుండి వచ్చిన సొమ్మునో ఇట్టి వాటాలలో పెట్టుట కనబడుచున్నది. వారికి రసాయనశాస్త్రము తెలియును. కాని వాటాదారుల పట్టికను, నగదు లెక్కను చదువుట ఎవరును నేర్పలేదు. గ్రంథాలయములో ఉదజనిని గూర్చి పది పుస్తకములు చదివినను, ఆ కంపెనీ వార్షికనివేదిక యొక్కటి చదువనిచో కొనుగోలుకు పనికివచ్చు జ్ఞానము కలుగదు.

అడుగవలసిన ప్రశ్నలు నాలుగు. నేనిచ్చు సొమ్ము కంపెనీకి చేరునా, లేక ముందే వాటాలు పుచ్చుకొన్నవాని జేబునకు చేరునా? మొత్తము వాటాలెన్ని, క్రిందటి యేడు ఎన్ని, ప్రమోటర్లు తమవి అమ్ముకొనుచున్నారా? వస్తువును సొమ్మిచ్చి కొన్నవాడు ఒక్కడైనను కలడా, లేక ఒప్పందముల ప్రకటనలే కలవా? ఈ సొమ్మంతయు పోయినను ఇంటిలో పొయ్యి వెలుగునా? మొదటి మూడింటికి సమాధానములు ఎక్స్ఛేంజికి కంపెనీలు సమర్పించు పత్రములలో ఎవరికైనను దొరకును. నాల్గవదానికి సమాధానము ఇంటి యజమానురాలికి తెలియును. ఆమెను అడుగకుండ కొనరాదు.

లెక్క చూపుడని 1883లో అడిగినవానికి దేశబహిష్కారము కలిగెను. నేడు లెక్కను చూపుట కంపెనీల విధి. అడుగుట మన హక్కు. చదువుటకు రుసుము లేదు. ఆ హక్కును సంపాదించుటకు పెద్దలు పడిన శ్రమను తలచుకొని, ఫోనులో వచ్చిన సందేశమును నమ్ముటకు ముందు ఆ పత్రములను ఒక్క సాయంకాలము తెరచి చదువుడని శ్రోతలను ప్రార్థించుచున్నాను.